ఇంటి కంప్యూటర్‌లో ర్యామ్ డిస్క్: ఎవరికి పనికొస్తుంది, ఎలా పెట్టాలి, ఎలా కొలవాలి

కంప్యూటర్‌లో ఉన్న ర్యామ్‌లోంచి కొంత విడదీసి, దాన్ని విండోస్‌కు ఒక డ్రైవ్‌లా చూపించడమే ర్యామ్ డిస్క్. 'దిస్ పీసీ' తెరిస్తే సీ, డీ పక్కన ఆర్ అని ఇంకోటి కనబడుతుంది. అందులో ఫోల్డర్లు చేసుకోవచ్చు, ఫైళ్లు వేసుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ కూడా నడుపుకోవచ్చు. కరెంటు పోయిందా, అందులోని సరుకంతా మాయం.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అనే చోటు. పాత సిస్టమ్ పట్టుకుని అక్కడికి వచ్చే కుర్రాళ్లలో ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎప్పుడూ తగులుతారు: "అన్నా, ర్యామ్ డిస్క్ పెడితే సిస్టమ్ రాకెట్ లెక్క ఉరుకుతదంట గదా? వీడియోల చూసిన." వీడియోలో చూపించే అంకెలు అబద్ధం కావు. కానీ అవి మన రోజువారీ పనిని కొలిచిన అంకెలు కావు. చాలా ఇళ్లలో ర్యామ్ డిస్క్ పెట్టినా ఏ తేడా తెలియదు. కొన్ని పనులకు మాత్రం బాగా తెలుస్తుంది. మీరు ఏ వైపున్నారో తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. కొత్తగా ఏదీ కొనక్కర్లేదు.

వేగాల లెక్క

నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు ఒక్క చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావాల్సిన సమాచారం తల కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 మిల్లీసెకన్లకు పైనే, ఊరికే ఎదురుచూడాలి. తల ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగే సమయం దీనికి అదనం. వరసగా చదివితే సెకనుకు 100 నుంచి 200 ఎంబీ వరకు లాగుతుంది గానీ, చిన్న చిన్న ఫైళ్లు చెల్లాచెదురుగా ఉంటే ఆ వేగం కుప్పకూలుతుంది. పాత కంప్యూటర్లు ఈడ్చుకుంటూ నడిచేది ఇందుకే.

తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో సమాచారం దాచేది ఎస్‌ఎస్‌డీ. సాటా అనే కనెక్షన్‌తో తగిలించే ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. అది చిప్‌ల లోపం కాదు, సాటా 3 కనెక్షన్ హద్దే సెకనుకు 6 గిగాబిట్లు. మదర్‌బోర్డు మీద నేరుగా కూర్చునే ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ జెన్ 3 (మూడో తరం కనెక్షన్) అయితే 3,500 ఎంబీ దాకా, జెన్ 4లో మంచివి 7,000 ఎంబీ దాకా వెళ్తాయి. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక్క స్టిక్ ఉంటే సెకనుకు 25.6 జీబీ, రెండు స్టిక్‌లు డ్యూయల్ చానల్‌లో, అంటే రెండూ ఒకేసారి పనిచేసేలా, ఉంటే 51.2 జీబీ. ఇవి కాగితం మీది గరిష్ఠాలు. ర్యామ్ డిస్క్‌కు అంత దక్కదు. మధ్యలో ఫైల్ సిస్టమ్, డ్రైవర్, ప్రాసెసర్ చేసే కాపీ పని అన్నీ తమ వాటా తీసుకుంటాయి.

స్పందన చూస్తే తేడా ఇంకా పెద్దది. ర్యామ్ వంద నానోసెకన్ల దరిదాపుల్లో జవాబిస్తుంది. మంచి ఎస్‌ఎస్‌డీకి పదుల మైక్రోసెకన్లు, హార్డ్ డిస్కుకు మిల్లీసెకన్లు పడుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు ర్యామ్ డిస్క్ పెడితే అన్నీ పరుగెత్తాలి కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు.

వీడియోల్లో చూపించేది సాధారణంగా క్రిస్టల్‌డిస్క్‌మార్క్ ఫలితం. ఆ సాఫ్ట్‌వేర్ డిస్కును మాత్రమే కొలవాలి కాబట్టి, విండోస్ తన సొంతానికి వాడే ఫైల్ క్యాష్‌ను, అంటే చదివిన ఫైళ్లను ర్యామ్‌లో దాచుకునే చోటును, పక్కకు తప్పించి నేరుగా డిస్కుతో మాట్లాడుతుంది. దాని పనికి అదే సరైన పద్ధతి. మనం రోజూ వాడే వర్డ్, క్రోమ్, ఫోటోలు చూసే యాప్, వీఎల్‌సీ మాత్రం ఆ క్యాష్ గుండానే నడుస్తాయి. అంటే ర్యామ్ డిస్క్ ఘనంగా గెలిచిన ఆ పోటీలో, విండోస్ దగ్గరున్న అసలు ఆయుధాన్ని ముందే పక్కన పెట్టేశారు.

విండోస్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ఖాళీగా ఉంచదు. ఒకసారి చదివిన ఫైల్‌ను అక్కడే అట్టిపెట్టుకుంటుంది, మళ్లీ అడిగితే డిస్కు దాకా వెళ్లకుండా అక్కడి నుంచే ఇస్తుంది. వేరే యాప్‌కు చోటు కావాలంటే ఆ క్షణంలోనే ఖాళీ చేస్తుంది. విస్టాతో వచ్చిన సూపర్‌ఫెచ్, ఇప్పుడు సిస్‌మెయిన్ అనే పేరుతో, మీరు తరచూ తెరిచే వాటిని ముందుగానే తెచ్చి పెడుతుంది కూడా. మనం ర్యామ్ డిస్క్ పెడితే ఈ క్యాష్‌కు దక్కే చోటులోంచే కోస్తాం. ఉన్న గదికి మధ్యలో తడిక కట్టినంత మాత్రాన ఇల్లు పెద్దది కాదు.

ఒకప్పుడు ఈ లెక్క వేరు. 1984లో వచ్చిన పీసీ డాస్ 3.0 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో వీడిస్క్ అనే ర్యామ్ డిస్క్ డ్రైవర్ ఇచ్చారు. అప్పటి ఫ్లాపీల వేగానికి, ఆనాటి డాస్ క్యాష్ పనిలో అంత చురుకు కాకపోవడానికి అది వరమే. తర్వాత 32 బిట్ విండోస్ రోజుల్లో, 4 జీబీ ర్యామ్ వేసినా విండోస్ 3 జీబీ పైచిలుకే వాడుకోగలిగినప్పుడు, మిగిలిన దాన్ని వృథా పోనీయకుండా ర్యామ్ డిస్క్‌గా వాడినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు ఆ రెండు కారణాలూ లేవు. సలహాలు మాత్రం అప్పటివే ఇంకా తిరుగుతున్నాయి.

1. ముందు మీ దగ్గర ఏముందో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద నొక్కండి. మొత్తం ర్యామ్, ఇన్ యూజ్ అంటే ఇప్పుడు వాడుకలో ఉన్నది, క్యాష్డ్, స్లాట్స్ యూజ్డ్ అని వరసగా కనబడతాయి. దాని కిందే ఉన్న డిస్క్ మీద నొక్కితే అది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా అన్నది అక్కడే రాసి ఉంటుంది.

విండోస్ ఉన్న సీ డ్రైవ్ ఇంకా హార్డ్ డిస్కు మీదే ఉంటే ర్యామ్ డిస్క్ మాట కట్టిపెట్టండి. చేతిలో ఉన్న డబ్బుతో ముందు ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి. సాటాది అయినా ఫర్వాలేదు, పదేళ్ల నాటి సిస్టమ్ కూడా లేచి కూర్చుంటుంది. విండోస్ సహా మీరు తెరిచే ప్రతిదీ దాంతో వేగమవుతుంది. ర్యామ్ డిస్క్ అయితే మీరు అందులో పెట్టిన దాన్ని మాత్రమే వేగం చేస్తుంది.

మొత్తం ర్యామ్ 8 జీబీ అయితే కూడా ఇక్కడే ఆగిపోండి. విండోస్ 11, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు, ఒక వాట్సాప్ కలిస్తేనే అందులో సగం పైన అయిపోతుంది. మిగిలిన దాంట్లోంచి 2 జీబీ కోసి ర్యామ్ డిస్క్ చేస్తే, చోటు చాలక విండోస్ కొంత సమాచారాన్ని పేజ్ ఫైల్‌లోకి, అంటే మళ్లీ డిస్కు మీదికే నెడుతుంది. వేగం కోసం చేసింది అసలుకే ఎసరు పెడుతుంది.

16 జీబీ, ఎస్‌ఎస్‌డీ ఉంటే ప్రయత్నించి చూడొచ్చు. 32 జీబీ ఉంటే ధైర్యంగా చూడొచ్చు.

ర్యామ్ డిస్క్ కోసమని కొత్తగా ర్యామ్ కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి. ఈ పరిస్థితిలో డిస్కుగా వాడటానికి ర్యామ్ కొనడం దండగ అనేది నా అభిప్రాయం. ఒకే స్టిక్ ఉన్న సిస్టమ్‌కు రెండోది వేసి డ్యూయల్ చానల్ చేయడం వేరే సంగతి. ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడిచే సిస్టమ్‌కు అది నిజంగా పనికొచ్చే ఖర్చు.

2. రద్దీ వేళ ర్యామ్ ఎంత మిగులుతుందో చూడండి

ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే లాభం లేదు. మీరు మామూలుగా చేసే పనుల్లో అన్నిటికంటే బరువైన దాన్ని తెరవండి. ఫోటోషాప్ కావచ్చు, ప్రీమియర్ కావచ్చు, ఆండ్రాయిడ్ స్టూడియో కావచ్చు. పక్కన బ్రౌజర్ కూడా ఎప్పట్లాగే ఉండనివ్వండి. పని నడుస్తుండగా ఇన్ యూజ్ అంకె ఎక్కడిదాకా పోతోందో రాసిపెట్టుకోండి. మొత్తం ర్యామ్‌లోంచి దాన్ని తీసేయండి. మిగిలిన దాంట్లో సగం కంటే ఎక్కువ ర్యామ్ డిస్క్‌కు ఇవ్వొద్దు. ఉదాహరణకు 16 జీబీలో గరిష్ఠ వాడకం 11 జీబీ అయితే మిగిలేది 5. అందులో ర్యామ్ డిస్క్‌కు 2 జీబీ. 2 జీబీలో మీ పని పట్టదంటే ఇక ముందుకు వెళ్లక్కర్లేదు.

అదే సమయంలో డిస్క్ గ్రాఫ్, సీపీయూ గ్రాఫ్ కూడా చూడండి. పని ఆలస్యమవుతున్నప్పుడు డిస్క్ యాక్టివ్ టైమ్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, సీపీయూ తీరిగ్గా ఉంటేనే దోషం డిస్కుది. సీపీయూ నిండిపోయి డిస్కు ఊరికే కూర్చుంటే ఎంత వేగమైన డిస్కు తెచ్చినా లాభం లేదు. ఒక పనికి 60 సెకన్లు పడుతోంది, అందులో డిస్కు కోసం ఎదురుచూసింది 5 సెకన్లే అనుకుందాం. డిస్కు సమయం పూర్తిగా సున్నా అయినా మీ పని 55 సెకన్లు పడుతుంది.

3. క్యాష్ పరీక్ష

ఇది తప్పకుండా చేయాల్సిన పని. దీనికి 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు.

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. అయిదు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా వదిలేయండి, బూట్ తర్వాతి హడావుడి సద్దుమణుగుతుంది. ఇప్పుడు 2 లేదా 3 జీబీ సైజున్న వీడియో ఒకటి చూసుకోండి. పెళ్లి వీడియో ఏదో ఒకటి ప్రతి ఇంట్లో ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో ఆ ఫైల్ ఉన్న డిస్కు గ్రాఫ్ తెరిచి పక్కన పెట్టుకోండి. వీడియో మీద రైట్ క్లిక్ చేసి, సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ అనే మెనూలో సీఆర్‌సీ-32 ఎంచుకోండి. విండోస్ 11లో అయితే ముందు 'షో మోర్ ఆప్షన్స్' నొక్కాల్సి రావచ్చు. 7-జిప్ ఆ ఫైల్‌ను మొదటి బైట్ నుంచి చివరిదాకా చదివి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెతో మనకు పని లేదు, పట్టిన సమయంతోనే పని.

మొదటిసారి డిస్క్ గ్రాఫ్ లేచి నిలబడుతుంది. హార్డ్ డిస్కు అయితే పావు నిమిషమో ఇంకా ఎక్కువో అలాగే ఉంటుంది. అది పూర్తవగానే అదే ఫైల్ మీద అదే పని మళ్లీ చేయించండి. ఈసారి గ్రాఫ్ చూడండి. చాలినంత ర్యామ్ ఖాళీగా ఉంటే డిస్కు గీత నేల మీదే పడుకుని ఉంటుంది, ఫలితం మాత్రం వచ్చేస్తుంది. మెమరీ పేజీలో క్యాష్డ్ అంకె కూడా ఫైల్ సైజుకు దగ్గరగా పెరిగి ఉంటుంది.

మీ కంప్యూటర్‌లో ఎవరూ ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే జరిగిన ర్యామ్ డిస్క్ పని ఇది. పైగా ఆ ఫైల్ అసలు ప్రతి డిస్కు మీద భద్రంగా ఉంది, కరెంటు పోయినా భయం లేదు. చదవడం వరకు ర్యామ్ డిస్క్ కొత్తగా ఇచ్చేది చాలా తక్కువ అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. రాయడంలో కూడా విండోస్ ముందు ర్యామ్‌లో రాసుకుని, తర్వాత నిదానంగా డిస్కు మీదికి దించుతుంది. పెన్‌డ్రైవ్‌కు కాకుండా లోపలి డిస్కుకు ఒక మోస్తరు ఫైల్ కాపీ చేస్తే మొదట్లో వేగం విపరీతంగా చూపించి తర్వాత పడిపోయేది అందుకే.

మరి ర్యామ్ డిస్క్‌కు మిగిలేది ఏమిటి? వేలకొద్దీ చిన్న ఫైళ్లను పుట్టించి వెంటనే చెరిపేసే పనులు, క్యాష్‌లో ఉంచకుండా డిస్కు మీద పడేదాకా ఆగి తీరాలనే పనులు, ఒకే హార్డ్ డిస్కు మీద చదువుతూ అక్కడే రాయాల్సి వచ్చే పనులు. అంతే.

4. మీ పని ఆ జాబితాలో ఉందా?

పెళ్లి ఫోటోలు తీసేవాళ్ల పని చూడండి. గూగుల్ డ్రైవ్ నుంచి ఆల్బమ్ దించితే దాదాపు 2 జీబీ చొప్పున జిప్ ముక్కలుగా వస్తుంది. ఆ జిప్‌లు పెద్ద హార్డ్ డిస్కు మీద ఉంటాయి. అక్కడే విప్పితే డిస్కు తల జిప్‌ను చదవడానికి ఒక చోటికి, ఫోటోలు రాయడానికి ఇంకో చోటికి అటూ ఇటూ పరుగులు తీస్తుంది. జేపెగ్ ఫోటోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి జిప్ విప్పడంలో సీపీయూకు పెద్ద శ్రమ లేదు, భారమంతా డిస్కుదే. ఒక్కో జిప్‌ను ర్యామ్ డిస్క్‌లోకి విప్పి, అక్కడే చూసి, ఆల్బమ్‌కు పనికొచ్చేవి మాత్రం హార్డ్ డిస్కుకు కాపీ చేసి, మిగతావి వదిలేస్తే పని కళ్లముందే వేగంగా సాగుతుంది. ఒరిజినల్ జిప్ ఎలాగూ డిస్కు మీదే ఉంది, పోయేదేమీ లేదు. ర్యామ్ డిస్క్‌కు ఇంతకంటే తగిన పని ఇంటి కంప్యూటర్‌లో నాకు కనబడలేదు. అదే మనిషికి ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీలో 50 జీబీ ఖాళీ ఉంటే మాత్రం ర్యామ్ డిస్క్ బదులు అందులోకి విప్పుకున్నా దాదాపు అదే సుఖం.

ప్రోగ్రామింగ్ చదివే పిల్లలు బిల్డ్ ఫోల్డర్‌ను, అంటే కోడ్‌ను కంపైల్ చేసి ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు పుట్టే ఫైళ్ల ఫోల్డర్‌ను, ర్యామ్ డిస్క్‌లో పెడతారు. అందులో చిన్న ఫైళ్ల రద్దీ ఎక్కువ కాబట్టి హార్డ్ డిస్కుతో పోలిస్తే బాగా లాభం. ఎస్‌ఎస్‌డీతో పోలిస్తే కంపైల్ సమయంలో అధిక భాగం సీపీయూదే కాబట్టి కొద్దిపాటి తేడాయే. విండోస్ డిఫెండర్ ప్రతి చిన్న ఫైల్‌నూ పరీక్షించే ఆలస్యం ర్యామ్ డిస్క్‌లోనూ పోదు. విండోస్ 11లో 2023 నుంచి ఉన్న డెవ్ డ్రైవ్, అంటే కోడ్ పనికోసం డిస్కు మీద వేరుగా చేసుకునే డ్రైవ్, ఆ ఇబ్బందిని తగ్గించడానికే చేసింది. దానికి కనీసం 50 జీబీ చోటు కావాలి. కోడ్ రాసేవాళ్లు ముందు దాన్ని చూడటం మంచిది.

బ్రౌజర్ క్యాష్ ర్యామ్ డిస్క్‌లో పెట్టమనేది అందరికంటే ఎక్కువగా వినిపించే సలహా. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ 100 ఎంబీపీఎస్ అయితే సెకనుకు వచ్చేది 12.5 ఎంబీ. పాత హార్డ్ డిస్కు కూడా అంతకు ఎన్నో రెట్లు వేగంగా రాస్తుంది. పేజీ తెరుచుకోవడం ఆలస్యమైతే దానికి కారణం అవతలి సర్వరో, పేజీలోని స్క్రిప్టులో. పైగా ర్యామ్ డిస్క్‌లోని క్యాష్ ప్రతి రీస్టార్ట్‌కూ పోతుంది కాబట్టి అన్నీ మళ్లీ నెట్ నుంచే దించుకోవాలి.

ఫోటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డిస్కు చోటును, అంటే స్క్రాచ్ డిస్కును, ర్యామ్ డిస్క్‌లో పెట్టడం మరీ విడ్డూరం. ర్యామ్ చాలనప్పుడే ఫోటోషాప్ స్క్రాచ్ వైపు వెళ్తుంది. దాని ర్యామ్ లాక్కుని డిస్కుగా మార్చి తిరిగి దానికే ఇవ్వడం దేనికి? ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ యూసేజ్ పెంచితే సరి. పేజ్ ఫైల్‌ను ర్యామ్ డిస్క్‌లో పెట్టడం కూడా ఇదే కోవలోది.

గేములు? ఇప్పటి పెద్ద గేమ్ 100 జీబీ దాటుతుంది, పట్టదు. పట్టిన చిన్న గేములు ఎస్‌ఎస్‌డీలో ఎలాగూ త్వరగానే తెరుచుకుంటాయి.

ఎస్‌ఎస్‌డీ అరిగిపోకుండా కాపాడుకోవడానికి ర్యామ్ డిస్క్ అనే మాట కూడా ఉంది. 500 జీబీ డిస్కు మీద కంపెనీ 300 టీబీడబ్ల్యూ, అంటే మొత్తం 300 టెరాబైట్లు రాయొచ్చని, హామీ ఇస్తే, రోజుకు 30 జీబీ చొప్పున రాసినా అది తీరడానికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్లు. మామూలు ఇంట్లో రోజుకు అంత రాయడం కూడా అరుదు. ఆలోపు డిస్కు వేరే కారణంతో పోవచ్చు గానీ, టెంప్ ఫైళ్ల వల్ల కాదు.

5. ర్యామ్ డిస్క్ చేయడం

ఇంతదాకా వచ్చాక కూడా మీ పని పనికొచ్చే జాబితాలోనే ఉంటే ఇప్పుడు పెట్టుకోండి. విండోస్‌తో పాటు ఇంటి వాడకానికి ర్యామ్ డిస్క్ సౌకర్యం రాదు, బయటి సాఫ్ట్‌వేర్ కావాలి. పాస్‌మార్క్ వాళ్ల ఓఎస్‌ఎఫ్‌మౌంట్ ఉచితం, మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు నేను చెప్పేది అదే. పాత వీడియోల్లో ఇమ్‌డిస్క్ టూల్‌కిట్ ఎక్కువగా కనబడుతుంది. ఏదైనా సరే, తయారుచేసినవాళ్ల సైట్ నుంచే దించుకోండి. ఇవి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్లు, టెలిగ్రామ్ గ్రూపుల్లో దొరికే కాపీల జోలికి పోవద్దు.

ఇన్‌స్టాల్ అయ్యాక ఓఎస్‌ఎఫ్‌మౌంట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. 'మౌంట్ న్యూ' నొక్కి, మూలం అడిగినచోట 'ఎంప్టీ ర్యామ్ డ్రైవ్' ఎంచుకోండి. రెండో మెట్టులో మీరు లెక్క తేల్చిన సైజు ఇవ్వండి. ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్. ఫ్యాట్32 పెడితే 4 జీబీ మించిన ఫైల్ పట్టదు. డ్రైవ్ అక్షరం ఆర్ పెట్టుకుంటే గుర్తుంటుంది. మౌంట్ నొక్కగానే డ్రైవ్ వచ్చేస్తుంది. వెంటనే టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూడండి, వాడకం ఎంత పెరిగిందో తెలుస్తుంది. అందులో ఏమీ వేయకముందే ఇంత పోయిందేమిటని కంగారు పడొద్దు, ఇలాంటివి చాలావరకు సైజంతా ముందే పట్టుకుంటాయి.

విండోస్ మొదలైనప్పుడల్లా తనంతట తాను డ్రైవ్ తయారయ్యే ఏర్పాటు ఇప్పుడే పెట్టొద్దు. కావాల్సినప్పుడు చేసుకుని, పని కాగానే తీసేస్తే మిగతా సమయంలో ఆ ర్యామ్ విండోస్ క్యాష్‌కే ఉంటుంది.

6. దానికి పని అప్పజెప్పడం

ఒక్క సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టండి. 7-జిప్ అయితే ఎక్స్‌ట్రాక్ట్ చేసేటప్పుడు గమ్యంగా ఆర్ డ్రైవ్ ఇస్తే సరిపోతుంది. ప్రీమియర్ అయితే ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్ చోటు మార్చుకోవచ్చు. కానీ ఆ క్యాష్ ప్రాజెక్టును బట్టి జీబీలకు జీబీలు పెరుగుతుంది, పోయిన ప్రతిసారీ మళ్లీ తయారవ్వాలి. ఎస్‌ఎస్‌డీలో ఉంచుకోవడమే నయం.

విండోస్ టెంప్, టీఎమ్‌పీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను (తాత్కాలిక ఫైళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే సెట్టింగ్‌లను) ర్యామ్ డిస్క్ వైపు తిప్పమని చాలాచోట్ల చెబుతారు. నేనైతే వద్దంటాను. కొన్ని ఇన్‌స్టాలర్లు సగం పని టెంప్‌లో పెట్టి రీస్టార్ట్ అడుగుతాయి, తిరిగొచ్చి చూస్తే అక్కడ ఏమీ ఉండదు. పెద్ద ఇన్‌స్టాలర్లు 2 జీబీ టెంప్‌ను నింపేసి డిస్క్ ఫుల్ అంటాయి. సీ డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీగా ఉంటే ఆ మెసేజ్ ఎందుకొస్తోందో ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాదు.

7. కొలవడం

మీ పనినే కొలవండి. బెంచ్‌మార్క్ అంకెలు పక్కన పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీయండి. రీస్టార్ట్ చేసి, డిస్కు శాంతించాక, పనిని పాత పద్ధతిలో ఒకసారి చేసి సమయం రాసుకోండి. మళ్లీ రీస్టార్ట్ చేసి, ర్యామ్ డిస్క్ తయారు చేసి, అదే పని అదే ఫైళ్లతో చేయండి. మధ్యలో రీస్టార్ట్ మానేస్తే రెండోసారి ఫైళ్లు క్యాష్ నుంచే వస్తాయి, ఆ ఘనత ర్యామ్ డిస్క్ ఖాతాలో పడుతుంది. ఇంటర్నెట్‌లో కనబడే ముందూ తర్వాతా పోలికల్లో చాలావాటికి ఉన్న లోటు ఇదే. ఒక్కో పద్ధతినీ రెండు మూడుసార్లు చేసి మధ్యది తీసుకోండి.

ర్యామ్ డిస్క్‌లోకి ఫైళ్లు ఎక్కించే సమయం, చివర్లో ఫలితాన్ని తిరిగి డిస్కుకు దించే సమయం కూడా లెక్కలో కలపండి. ఎక్కించడానికి ఒక నిమిషం పట్టి, పనిలో అర నిమిషం ఆదా అయితే నష్టమే. అదే ఫైళ్లతో పదేపదే పని చేస్తేనే ఆ నిమిషం గిట్టుబాటవుతుంది. అలా చూసినా పదోవంతు కంటే తక్కువ ఆదా వస్తే ఈ తతంగం అనవసరం.

8. కరెంటు, ఇన్వర్టర్, సేవ్ చేయడం

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలిదుమారం లేచి నాలుగు చినుకులు పడితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. డెస్క్‌టాప్ వాడేవాళ్లకు యూపీఎస్ లేకపోతే ర్యామ్ డిస్క్‌లో ముఖ్యమైనదేదీ పెట్టొద్దు. ఇంటికి ఇన్వర్టర్ ఉందిలే అనుకోవద్దు. చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే లైట్లు, ఫ్యాన్లు ఆగకపోయినా, మారే ఆ రెప్పపాటులో కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. స్విచ్ ఎటుందో ముందు చూసుకోండి. ల్యాప్‌టాప్‌కు ఈ బెడద లేదు, బ్యాటరీ బాగుంటే చాలు. అయినా విండోస్ హ్యాంగ్ అయినా, అప్‌డేట్ కోసం రాత్రికి రాత్రి రీస్టార్ట్ అయినా నష్టం ఒకటే.

ఉన్నదాన్ని దాచుకోవడానికి ఓఎస్‌ఎఫ్‌మౌంట్‌లో 'సేవ్ టు ఇమేజ్ ఫైల్' ఉంది. ఇమ్‌డిస్క్‌లో షట్‌డౌన్ సమయంలో ఒక ఫోల్డర్‌తో సరిచూసుకునే ఏర్పాటు ఉంది. వీటి మీద ఆధారపడి అసలు పని ఫైళ్లు పెట్టడం నాకు నచ్చదు. కరెంటు పోయేటప్పుడు షట్‌డౌన్ జరగదు కదా! పైగా 8 జీబీ ఇమేజ్‌ను సెకనుకు 150 ఎంబీ చదివే హార్డ్ డిస్కు నుంచి బూట్‌లో ఎక్కించాలంటే దానికే 55 సెకన్లు. కంప్యూటర్ త్వరగా తెరుచుకోవాలని మొదలుపెట్టి దాన్ని నిమిషం ఆలస్యం చేసుకున్నట్టే.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అసలైన షట్‌డౌన్ కాదు, సగం హైబర్నేషన్, అంటే ర్యామ్‌లోని కొంత డిస్కు మీద దాచి ఆపడం. ర్యామ్ డిస్క్ డ్రైవర్లు దీనితో తికమక పడే వీలుంది. క్రమం తప్పకుండా వాడేవాళ్లు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయడం మేలు.

ఆధార్, పాన్ కాపీల వంటివి ర్యామ్ డిస్క్‌లో పెడితే ఆపగానే ఆనవాలు లేకుండా పోతాయన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. హైబర్నేట్ చేస్తే ర్యామ్‌లోనిది డిస్కు మీదికి వెళ్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ర్యామ్ డిస్క్ సమాచారం పేజ్ ఫైల్‌లోకి జారే అవకాశమూ ఉంది. గోప్యత కావాలంటే ఎన్‌క్రిప్షన్ వాడాలి.

లైనక్స్ ఉన్నవాళ్లకు

మీకు ఏదీ ఇన్‌స్టాల్ చేసే పని లేదు. డెవ్ ఫోల్డర్‌లో ఎస్‌హెచ్‌ఎమ్ అనే ఫోల్డర్ ఉంటుంది, అది ర్యామ్ మీదే నడిచే టెంప్‌ఎఫ్‌ఎస్. దాని డిఫాల్ట్ హద్దు మొత్తం ర్యామ్‌లో సగం. కానీ సైజంతా ముందే పట్టుకోదు, ఫైళ్లు ఎంత వేస్తే అంతే తీసుకుంటుంది, చెరిపేస్తే తిరిగి ఇచ్చేస్తుంది. ర్యామ్ చాలనప్పుడు స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి, కూడా వెళ్తుంది. ఫెడోరాలో తాత్కాలిక ఫైళ్లుండే టీఎమ్‌పీ ఫోల్డర్ ఏళ్లుగా దీని మీదే ఉంది, 2025లో వచ్చిన డెబియన్ 13 కూడా అదే దారి పట్టింది. పరీక్షించడానికి ఒక ఫోల్డర్‌ను అందులోకి కాపీ చేసి పని చేసుకుంటే సరి. తక్కువ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫైళ్లను టీఎమ్‌పీలోకి దించుకునే అలవాటు ఉంటే మాత్రం చూసుకోవాలి, డిస్కు ఖాళీగా ఉన్నా చోటు లేదంటుంది.

తీసేయడం

కొలిచి చూశాక వద్దనుకుంటే, డ్రైవ్ తీసేసే ముందు ఏ సాఫ్ట్‌వేర్‌కు ఆర్ డ్రైవ్ చూపించారో అక్కడికి వెళ్లి పాత చోటు తిరిగి పెట్టండి. ఈ క్రమం తప్పితే ఆ సాఫ్ట్‌వేర్ తర్వాతిసారి తెరుచుకోకపోవచ్చు, లేదా లేని డ్రైవ్ కోసం ఎర్రర్ ఇస్తుంది. ఉంచుకోవాల్సిన ఫైళ్లు కాపీ చేసుకోండి. ఓఎస్‌ఎఫ్‌మౌంట్ జాబితాలో ఆ డ్రైవ్‌ను ఎంచుకుని డిస్‌మౌంట్ నొక్కండి. ఫైల్ వాడుకలో ఉందని అంటే ఆ ఫోల్డర్ తెరిచి ఉన్న ఎక్స్‌ప్లోరర్ విండో మూసి మళ్లీ ప్రయత్నించండి. తర్వాత మెమరీ పేజీలో ఇన్ యూజ్ మునుపటి అంకెకు దిగిందో లేదో చూసి, సాఫ్ట్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి.